గేర్లు లేని బండి

తొమ్మిదో తరగతిలో బడి మానిపించిన రోజు నుంచి స్వరాజ్యానికి తనకంటే తెలివి తక్కువవాళ్ళ మాట వినడమే పనైపోయింది. మొదట మేనమామ, తర్వాత అత్త, ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళుగా మొగుడు బిక్షపతి. వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అదే ఆమెకు మరీ ఒళ్ళుమంట. చెడ్డవాళ్ళైతే నాలుగు తిట్టి వదిలేయొచ్చు. తెలివి తక్కువ మంచివాళ్ళతో మాత్రం ఒకే గదిలో పడుకుని, ఒకే గిన్నెలో వండుకుని బతకాలి.

సిరిసిల్ల దగ్గర సాంచాలు నడిపే ఇంట్లో పుట్టిందామె. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. సూరత్‌కు వచ్చి రెండు తరాలు దాటినా అమ్రోలిలో ఉండే తెలంగాణవాళ్ళు ఇంకా ఆ మాటే వాడతారు. పెళ్ళై ఆమె అక్కడికి వచ్చిన కొత్తలో బిక్షపతి రోజుకు పన్నెండు గంటలు ఎనిమిది సాంచాల మధ్య నిలబడేవాడు. పదేళ్ళకు చెవులు పోతున్నాయని మానేసి, పాత జీపు ఒకటి, దాని వెనక తగిలించే ఇనుప ట్రాలీ ఒకటి సంపాదించాడు. పాత సాంచాలు అమ్మేసి నీళ్ళతో నడిచే కొత్త మగ్గాలు పెట్టుకునే శేఠ్‌లు సూరత్‌లో రోజుకొకరు పుట్టుకొస్తున్నారు కాబట్టి, ఒక కార్ఖానా నుంచి ఇంకో కార్ఖానాకు సాంచాలు లాగే పనికి కొదవ లేకపోయింది.

ఆ జీపు చేతికొచ్చినప్పటి నుంచి బిక్షపతి మాట్లాడే తీరే మారిపోయింది. అన్నం ముందు కూర్చుని కూడా ఎడమకాలు నేలకేసి నొక్కుతూ క్లచ్చు గురించి చెప్పేవాడు.

"బండి గొంతు ఇని గేరు మార్చాలె. గది చెప్తె అచ్చే విద్య కాదు. ఒంట్ల ఉండాలె."

ఒంట్లో ఏదో లేనిదే రాని ఆ విద్య, స్వరాజ్యం లెక్కన, అమ్రోలిలో చదువబ్బని ప్రతి మగవాడికీ వచ్చింది. ఆమె మాత్రం చీరల మీద రాళ్ళు అంటిస్తూ, ఆ చీరల మూటలను స్కూటరు ముందు పెట్టుకుని తాపీ వంతెన దాటి మార్కెట్లో ఇచ్చి వచ్చేది. ట్రాఫిక్‌లో ఆమె ఎవరినీ గుద్దలేదు, ఆ సంగతి అన్నం ముందు కూర్చుని ఎవరికీ చెప్పనూ లేదు.

మొగుడితో ఆమెకు రోజూ ఒక్క విషయం మీదే తగాదా. ట్రాలీని జీపు నుంచి విప్పేముందు చక్రాల కింద రాళ్ళు పెట్టమనేది. ఒకసారి ఇంటి ముందే ఖాళీ ట్రాలీ దానంతటది పక్కింటి గోడ దాకా దొర్లడం ఆమె కళ్ళారా చూసింది.

"ఇరవై ఏండ్ల సంది తోల్తున్న. నాకు చెప్పబట్టినవా?" అనేవాడు బిక్షపతి.

ఇరవై కాదు, పదిహేడు. ఆ మాట కూడా ఆమె అనలేదు.

జోల్వాలో ఒక కార్ఖానా ఆవరణలో, వాన నీళ్ళు పోవడానికి నేలను కొంచెం వాలుగా పోశారు. ఒక మధ్యాహ్నం బిక్షపతి అక్కడ చక్రాల కింద రాళ్ళు పెట్టకుండానే ట్రాలీ కొక్కెం పిన్ను లాగాడు. రెండు సాంచాలు మోస్తున్న ట్రాలీ తన దారి తాను చూసుకుంది. ట్రాలీ ముందున్న ఇనుప దండం అతని ఎడమ మోకాలిని జీపు బంపరుకు అదిమిపెట్టింది. రెండు ఆపరేషన్లు అయ్యాయి. మోకాలు దక్కింది కానీ వంగడం మానేసింది.

ఆసుపత్రి మంచం మీద అతను అన్న మొదటి మాట, "నేల వాలుగున్నదని శేఠ్ చెప్పలే."

"నేల సూసుకునుటానికి శేఠ్ ఎందుకు, నీకు కండ్లు లెవ్వా?" అంది స్వరాజ్యం. తర్వాత అతనికి జావ తాగించింది. తాగిస్తున్నంతసేపూ మనసులో తిడుతూనే ఉంది.

ఆరు నెలలు జీపు గల్లీలో దుమ్ము పట్టింది. క్లచ్చు తొక్కే కాలు లేదు. బిక్షపతి తలుపు దగ్గర మంచం వేయించుకుని, గల్లీలోకి వచ్చే ప్రతి ఆటోవాడికీ గేరు ఎప్పుడు మార్చాలో చెప్పసాగాడు. ఆ గొంతు వినలేకే స్వరాజ్యం కదిలింది. తెలిసినవాళ్ళ ద్వారా వరాఛాలో ఒక వజ్రాల దళారి అమ్ముతున్న బండి చూసొచ్చింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పెద్ద బండి, పైగా ఆటోమేటిక్. క్లచ్చు లేదు, కుడికాలు ఒక్కటి ఉంటే చాలు. ఆ దళారి ఏడేళ్ళు దాన్ని గుడికీ, పెళ్ళిళ్ళకూ, డుమస్ సముద్రపుటొడ్డుకూ తిప్పాడట. నాలుగు చక్రాలను కలిపే మీట మీద కంపెనీవాళ్ళు అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు. కొండలెక్కే బండిని కొని ఏడేళ్ళు కొబ్బరికాయలు మోయించిన ఆ మనిషిని తలుచుకుంటే ఆమెకు నవ్వు కూడా రాలేదు. జీపు వదిలించుకుని దాన్ని తెచ్చింది.

"కుడికాలు మంచిగనే ఉన్నది గద. ఇగ నడుపుకో," అంది మొగుడితో.

బిక్షపతి మంచం మీద నుంచే తలుపులోంచి బండిని ఎగాదిగా చూశాడు. "గేర్లేవి?"

"లెవ్వు. అవే మారుతయట."

"మరి నేనెందుకు దాంట్ల, కూసొని పాటలు ఇనుటానికా? గది ఆడోళ్ళ బండి. రెండు సాంచాలు కడితె సగం దారిల కూలవడ్తది. నేను ఎక్క."

"ఎక్కవా?"

"ఎక్కనంటే ఎక్క."

"మంచిది. ఆడోళ్ళ బండైతే ఆడదాన్ని నేనే నడుపుత."

కోపంలో అన్న మాట అది. మర్నాడు పొద్దున్నకు కోపం తగ్గింది కానీ మాట వెనక్కి తీసుకుంటే మొగుడు ఎలా నవ్వుతాడో ఆమెకు తెలుసు. అందుకని డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళింది. అక్కడ నేర్పేవాడు ఆమెను వరసగా నాలుగు రోజులు "మాసీ, డరో మత్" అన్నాడు. ఆమె ఒక్క క్షణం కూడా భయపడలేదు. అయిదో రోజు ఆ ముక్క అతనికి చెప్పాక అనడం మానేశాడు.

ఇంటికొచ్చాక అసలు చదువు మొదలైంది. బండి ముందు డబ్బాలో ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది, దానికీ ప్లాస్టిక్ తొడుగు తీయలేదు. డిగ్రీ చదివే కూతురు రుచిత దాన్ని ఒళ్ళో పెట్టుకుని చదివి చెప్పింది.

"అమ్మా, సున్ తో. బరువు గుంజుడు మీద పూరా ఒక చాప్టర్ ఉంది. ఈ D ఉంది కదా, ఊరికే తిరిగేటప్పుడు దాంట్ల పెట్టి మర్చిపోవచ్చు. కానీ వెనక బరువుంటే, దిగుడు వస్తే, 2ల గాని L ల గాని పెట్టాలట. అప్పుడు ఇంజనే బండిని పట్టుకుంటదట. బ్రేక్ మీదనే భరోసా పెడితే బ్రేక్ గరమ్ అయిపోతది."

"నాలుగు చక్రాల మీట?"

"బురదల, ఇసుకల, ఎక్కుడుల. మంచి తారు రోడ్డు మీద జోరుగ పోయేటప్పుడు వద్దు. బహుత్ బరువుంటే బండి ఆపి, N అంటే న్యూట్రల్‌ల పెట్టి, ఈ మీటను 4L కు తిప్పాలి. మెల్లగ పోతది, కానీ ఏనుగులెక్క గుంజుతదట."

"ఏనుగని రాసిందా దాంట్ల?"

"అది నేను చెప్తున్న."

స్వరాజ్యం ఒకసారి వింటే చాలు. గుర్తుంది.

ముందుకు లాగడం పది రోజుల్లో వచ్చింది. వెనక్కి తోయడమే చావొచ్చింది. వెనక ట్రాలీ ఉన్నప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది. మరీ తిప్పితే బండీ ట్రాలీ కత్తెరలా మడుచుకుంటాయి. బిక్షపతి గల్లీ చివర ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, చేతికర్ర ఊపుతూ అరిచేవాడు. ఇరుగుపొరుగు టీ గ్లాసులతో గోడల మీద చేరేవాళ్ళు.

"ట్రాలీ కుడికి పోవాల్నంటే చెయ్యి ఎడమకు! ఎడమకే! అరే, గది కుడి! అద్దంల ట్రాలీ మూల కానస్తున్నదా? గంతే, దాన్నే సూడు, నన్ను సూడకు!"

ఆమెకు ఆ కుర్చీ అంటే అసహ్యం, ఆ కర్ర అంటే అసహ్యం, గోడల మీది టీ గ్లాసులంటే మరీ అసహ్యం. అయినా అతను అరిచిన ప్రతి ముక్కనూ నేర్చుకుంది. నేర్చుకున్నట్టు మాత్రం ఒప్పుకోలేదు. మూడు వారాలకు రెండు గోడల మధ్య జానెడు సందు వదిలి ట్రాలీని తోసి నిలబెట్టింది. బిక్షపతి కర్ర కిందికి దించి, "ఆఁ, అట్ల," అన్నాడు. అంతే అన్నాడు.

బిక్షపతి తమ్ముడు పరుశురాం ట్రాక్టరు నడుపుతాడు. వజ్రాల దళారి చల్లుకున్న అత్తరు వాసన సీట్లలోంచి ఇంకా పోలేదని, దానికి అత్తరు బండి అని పేరు పెట్టాడు. కనబడిన ప్రతిసారీ, "వదినా, అత్తరు బండి ఏమంటున్నది?" అనేవాడు. తొలకరిలో ఒకరోజు జోల్వాలో అతని ట్రాక్టరే ట్రాలీతో సహా ఇరుసుల దాకా బురదలో దిగబడింది. స్వరాజ్యం వెళ్ళింది. బండి ఆపి, N లో పెట్టి, మీటను 4L కు తిప్పింది. గొలుసు తగిలించి, అది బిగుసుకునే దాకా అంగుళం అంగుళం కదిలి, అప్పుడు కుడికాలితో మెల్లగా నొక్కింది. బురదలోంచి ట్రాక్టరు బయటికొచ్చేటప్పుడు పెద్ద చప్పుడు చేసింది. 

పరుశురాం గొలుసు విప్పుతూ, "బండి మంచిదే వదినా. ఎవలు నడిపినా గుంజుతది," అన్నాడు.

మనుషులు ఎంత చిన్నగా ఉండగలరో ఆమెకు ఎప్పుడూ అనుమానం లేదు. ఆరోజు కొలత కూడా దొరికింది.

ఏడాది గడిచింది. పనులు వచ్చాయి. మొదట సొంత సాంచాలున్న తెలుగు ఆసాములు, తర్వాత వాళ్ళ మాట మీద గుజరాతీ శేఠ్‌లు. కామ్‌రేజ్ వైపు కొత్తగా కట్టిన మూడంతస్తుల కార్ఖానాల సముదాయంలో ధనసుఖ్‌భాయ్ అనే శేఠ్‌కు పన్నెండు పాత సాంచాలున్నాయి, అవి పైన మూడో అంతస్తులో ఉన్నాయి. బండ్లు పై దాకా వెళ్ళడానికి భవనం చుట్టూ మెలికలు తిరిగిన సిమెంటు వాలు దారి ఉంది. లారీకి ఆ మెలికలు తిరగవు. ట్రాక్టర్లను పైకి రానివ్వరు. కాబట్టి పైనుంచి రెండేసి సాంచాలు ట్రాలీ మీద దించి, కింద లారీకి ఎక్కించాలి. లారీకి ఎక్కించే కూలీలను పరుశురాం తెచ్చాడు.

తెల్ల బట్టల్లో ఉన్న ధనసుఖ్‌భాయ్ స్వరాజ్యం బండి దిగడం చూసి, ఆమె వెనకాల వెతికాడు. "డ్రైవర్ క్యాఁ ఛే?"

డ్రైవరు ఎక్కడని అడుగుతున్నాడు. బండి తాళం ఆమె చేతిలోనే ఉంది.

"హుఁ జ ఛుఁ," నేనే, అంది స్వరాజ్యం.

శేఠ్ బండి ఎడమ సీటు వైపు చూసి స్థిమితపడ్డాడు. అక్కడ బిక్షపతి ఉన్నాడు. అతను ఆ బండి ఎక్కడం అదే మొదలు. సాంచాను నాలుగు మూలలా గొలుసులతో కట్టడంలో అతని చెయ్యి మంచిది, ఇంత బరువైన పనికి ఇంకొకరిని నమ్మలేక ఆమే రమ్మంది. అతను ఎడమకాలు కర్రలా చాపుకుని, సీటును వేలితో గీకి, వాసన చూసి, మారు మాట్లాడకుండా కూర్చున్నాడు.

మొదటి జత బాగానే దిగింది. స్వరాజ్యం గేరు మీటను 2 లో పెట్టింది. ఇంజను గుర్రుమంటూ బరువును పట్టుకుంది. బ్రేకు మీద కాలు ఊరికే ఆనించింది.

రెండో జతకు బిక్షపతికి నోరు వచ్చింది. కిటికీ అద్దం దించి, కిందున్న అందరికీ వినబడేలా హిందీలో మొదలుపెట్టాడు. "అబ్ దో మే డాలో! అబ్ మోడో! ధీరే, ధీరే!" 2లో పెట్టు, తిప్పు, మెల్లగా అని ప్రతి మెలిక దగ్గరా అదే. ఆమె అప్పటికే చేసేసిన పనిని అతను తర్వాత గట్టిగా చెప్పేవాడు. కింద ధనసుఖ్‌భాయ్ తల పంకిస్తున్నాడు, బండిని నడిపిస్తున్నది ఎవరో అర్థమైనట్టు. పరుశురాం నవ్వుతున్నాడు.

మూడో జత కట్టారు. అవి అన్నిటికంటే బరువైనవి. వాలు దారి మొదట్లో బిక్షపతి ఈసారి తెలుగులో, మామూలు గొంతుతోనే అన్నాడు. "ఇవి బరువున్నయి. ఆపి, నాలుగు చక్రాలు కలిపి, L ల పెట్టు. బ్రేకు ఇప్పటికే వేడెక్కి ఉంటది."

అందులో తప్పు ఒక్కటీ లేదు. పుస్తకంలోనూ అదే ఉంది. ఆమెకు తెలుసు.

"గేర్లే లేని బండంటివి. ఇప్పుడు ఎక్కడియి గేర్లు?" అని, గేరు మీటను D లోనే ఉంచి బండిని కదిలించింది.

"స్వరాజ్యం, జర ఇను..."

"నడిపేది నేను."

మొదటి మెలిక తిరిగింది. రెండో మెలిక దగ్గర కాలిన ఇనుము వాసన వచ్చింది. మూడో మెలిక దాటాక బ్రేకు మెత్తబడి, కాలి కింద నేల దాకా దిగిపోయింది. వెనక నుంచి ట్రాలీ తోస్తోంది. రెండు సాంచాల బరువు తన వీపు మీదే ఉన్నట్టు అనిపించింది. కింద లారీ, లారీ పక్కన ముగ్గురు కూలీలు, గోడ వారన వాచ్‌మన్ స్కూటరు, దాని మీద కూర్చుని బీడీ తాగుతున్న వాచ్‌మన్. అన్నీ ఒక్కసారిగా దగ్గరికొస్తున్నాయి. ఆ సమయంలోనే వాచ్‌మన్ ఎవరో పిలిచినట్టు లేచి గేటు వైపు నడిచాడు.

బిక్షపతి అరవలేదు. అతని చెయ్యి ఆమె చేతి మీదుగా వచ్చి మీటను 2 కు లాగింది, ఆ వెంటనే L కు. ఇంజను పెద్దగా గీపెట్టింది. "గోడకు ఆనియ్యి," అన్నాడు నెమ్మదిగా, పక్కింటావిడకు దారి చెప్పినట్టు. ఆమె ఎడమకు తిప్పింది. బండి ఒళ్ళంతా గోడకు రాసుకుంటూ, అద్దం విరిగి, నిప్పురవ్వలు లేచి, కింద లారీకి పది అడుగుల ముందు ఆగింది. ట్రాలీ మాత్రం వెంటనే ఆగలేదు. అడ్డంగా ఊగింది. ఒక గొలుసు తెగింది. బయటి వైపు సాంచా మెల్లగా ఒరిగి, దారి అంచున ఉన్న పొట్టి గోడ మీదుగా వాచ్‌మన్ స్కూటరు మీద పడింది.

మనుషులు అరుస్తూ పరుగెత్తుకొచ్చారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది తేలగానే మాటలు మొదలయ్యాయి.

ఆటోమేటిక్ బండ్లు షోకుకు తప్ప పనికి పనికిరావని తాను ముందే అనుకున్నట్టు ధనసుఖ్‌భాయ్ చెప్పాడు. అత్తరు బండి అని తాను ఊరికే అనలేదన్నాడు పరుశురాం. కూలీల్లో ఒకడు ఆడమనిషి కాలికి బలం ఎంతుంటుందని అడిగాడు. ముగ్గురూ తప్పే. బండిది తప్పు కాదు, కాలిదీ తప్పు కాదు. ఇంతమంది మగాళ్ళు ఒక్కచోట చేరి కూడా నిజం మీద చెయ్యి వేయలేకపోయారు. స్వరాజ్యం స్టీరింగు పట్టుకునే కూర్చుంది. వేళ్ళు ఊడిరావడం లేదు.

బిక్షపతి కర్ర ఊతంగా దిగాడు. ఇప్పుడు చెబుతాడు, అనుకుంది. చెప్పిన గద అంటాడు. జీవితాంతం అంటాడు.

"నేనే చెప్పిన D ల ఉంచుమని," అన్నాడు బిక్షపతి నేల చూస్తూ. "గీ బండి సంగతి నాకు ఎరుక లేదు. తప్పు నాది."

అబద్ధం ఆడటం కూడా సరిగ్గా రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. ఇందాక మెలికల దగ్గర ఆమె చేసినదాన్ని తన పేరు మీద వేసుకున్నాడు. ఇప్పుడు తప్పును కూడా ఆమెకు మిగల్చడా? ఆ మంట కింద ఇంకేదో ఉంది, దాన్ని ఆమె చూడదలచుకోలేదు. తలుపు తెరిచి దిగింది.

"అబద్ధం," అంది, అందరికీ తెలియాలని హిందీలోనే. "ఈయన చెప్పిండు, చిన్న గేర్ల పెట్టుమని. పుస్తకంల గూడ రాసి ఉన్నది. నాకు ఎరుకే. చెప్పింది ఈయన గాబట్టి ఇనలే."

  వాచ్‌మన్ తిరిగొచ్చి నలిగిన స్కూటరు పక్కన నిలబడి, దాన్నే చూస్తున్నాడు. ఒరిస్సా వైపు మనిషి, యాభై దాటినవాడు. ఆమె దగ్గరికి వెళ్ళింది.

"మై అభీ ఉఠా థా," అన్నాడతను. ఇప్పుడే దాని మీంచి లేచాను. అదే మాట రెండుసార్లు అన్నాడు. ఆమెను తిట్టలేదు.

స్వరాజ్యానికి మనుషులను తీసిపారేయడానికి పెద్దగా కారణాలు అక్కర్లేదు. చెప్పు వేసుకునే తీరు చాలు. ఈ మనిషిలో మాత్రం ఏదీ దొరకలేదు. ఎంత వెతికినా తీసిపారేయాల్సిన చోట తానే ఉంది.  సాయంత్రం ఇంటికెళ్ళి, చీరల మూటలు మోసిన తన స్కూటరును కడిగి, తుడిచి, రుచితతో నడిపించి తెచ్చి అతనికిచ్చింది. అతను వద్దన్నాడు. "తీస్కో," అంది ఆమె, తిట్టినట్టే. అలా చెప్పడం తప్ప ఆమెకు రాదు.

ఇంకా ఆరు సాంచాలు పైనే ఉన్నాయి. ధనసుఖ్‌భాయ్ వేరే బండి కోసం ఊరంతా ఫోన్లు చేశాడు. ఆ మెలికల్లోకి వచ్చే బండి దొరకలేదు. మర్నాడు మెకానిక్ వచ్చి, బ్రేకు నూనె మరిగిపోయిందని చెప్పి, కొత్తది పోసి, అరిగినవి మార్చి వెళ్ళాడు. మూడోరోజు పొద్దున బండి దగ్గర స్వరాజ్యం తాళాన్ని మొగుడి చేతిలో పెట్టింది.

"నువ్వు నడుపు."

"నాకు గీ బండి..."

"కాలు ఒక్కటే కావాలె. ఉన్నది గద."

సముదాయం లోపలి దారి కాబట్టి ఆరోజు లైసెన్సు ఎవరూ అడగలేదు. కాలు వంగనివాళ్ళకు వేరేగా రాసిచ్చే లైసెన్సు కోసం తర్వాత నాలుగు నెలలు తిరిగారు.

బిక్షపతి ఎక్కాడు. ఎడమకాలు పట్టేలా సీటును వెనక్కి జరుపుకున్నాడు. ఖాళీ ట్రాలీతో పైకి పోతున్నంతసేపూ వంగని ఆ కాలు లేని క్లచ్చు కోసం కదలబోయి ఆగడం స్వరాజ్యం చూసింది. పైన రెండు సాంచాలు కట్టారు. అతను బండిని ఆపే ఉంచి, N లో పెట్టి, మీటను 4L కు తిప్పి, గేరు మీటను L కు దించి, బ్రేకు మీద నుంచి కాలు తీశాడు. ఆమె ట్రాలీ వెనకాల గొలుసులు చూస్తూ నడిచింది. మనిషి నడిచేంత నెమ్మదిగా బండి దిగింది, నాలుగు మెలికలూ తిరిగింది. బ్రేకు దీపం ఒకే ఒక్కసారి వెలిగింది, అదీ కింద ఆగడానికి.

ఆమె కిటికీ దగ్గరికొచ్చేసరికి అతను రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ముందుకే చూస్తున్నాడు.

"ఏమాయె?" అంది.

"గొంతు మంచిగున్నదే దీనికి," అన్నాడు.  కళ్ళు నిండి ఉన్నాయి. రెండేళ్ళుగా ఆ మనిషి మంచం, కుర్చీ, ఎడమ సీటు తప్ప ఎరగడు. ఆమె ఆ రెండేళ్ళూ అతని గర్వాన్ని చూసి ఈసడించుకుందే గానీ, దాని వెనక ఉన్నది భయమని ఎన్నడూ అనుకోలేదు. అనుకుని ఉంటే ఈసడింపు కష్టమయ్యేది. అతను తుడుచుకోవడానికి వీలుగా గొలుసు విప్పే వంకతో వెనక్కి వెళ్ళింది.

ఆ మెత్తదనం నాలుగు రోజులు నిలిచింది. అయిదో రోజుకు బిక్షపతి, ఆటోమేటిక్ బండిని తానే కనిపెట్టినట్టు అమ్రోలి అంతా చెప్పడం మొదలుపెట్టాడు. పరుశురాంను పట్టుకుని, "గేర్లు మార్చుకుంట కూసునుడు పాత కాలం ముచ్చటరా. బరువు గుంజాల్నంటే 4L, దిగాల్నంటే L. ఎరుకనా నీకు?" అని గంటసేపు బోధించాడు. పరుశురాం తల ఊపాడు. ఇద్దరినీ చూస్తూ స్వరాజ్యం పప్పులో రాళ్ళు ఏరుకుంది. ఒక్క ముక్క అనలేదు. అనకపోవడం ఆమె లెక్కన పెద్ద దానమే.

ఇప్పుడు ఇద్దరూ కలిసే పనికి పోతారు. ఎక్కుడూ దిగుడూ అతనివి. ట్రాలీని వెనక్కి తోయడం ఆమెది, మెడ తిప్పి చూడటానికి అతనికి ఓపిక లేదు. ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో ప్రతి గేటు దగ్గరా తగాదా పడతారు. శేఠ్‌లు వాచీలు చూసుకుంటూ నిలబడతారు.

వెనక గల్లీలో సమ్మక్క అని ఒకామె ఉంది. సాంచాలకు ఎక్కించే బీములకు నూలు చుట్టే పని చేస్తుంది. ఒక ఆదివారం వచ్చి, "అక్కా, నాకు గూడ నేర్పుతవా బండి?" అని అడిగింది. స్వరాజ్యం ఆమెను పైనుంచి కిందికి చూసింది. మోచేతి దాకా గాజులు, అడగడానికే సగం చచ్చిన గొంతు. ఈమెకు జన్మలో రాదు అనుకుంది. రమ్మంది.

కామ్‌రేజ్ దారిలో ఇంకా ఇళ్ళు లేని ఖాళీ స్థలం ఒకటి చూసి, అక్కడికి తీసుకెళ్ళింది. బిక్షపతి కూడా సలహాలు ఇవ్వడానికి వెనక సీట్లో ఎక్కితే, అతన్ని దింపి చెట్టు నీడలో కూర్చోబెట్టింది. సమ్మక్క స్టీరింగును వేడి గిన్నెలా వేళ్ళ కొసలతో పట్టుకుంటుంది. బ్రేకు తొక్కే ముందు కళ్ళు మూసుకుంటుంది. ఆరు ఆదివారాలు పోయాక ఖాళీ ట్రాలీని వెనక తగిలించి ఇస్తే, ఆ చివర దాకా లాక్కెళ్ళి, మలుపు తిప్పి, వెనక్కి తెచ్చి ఆపింది. ముఖమంతా చెమట.

"మంచిగ తోలిన్నా అక్కా?"

"లేదు," అంది స్వరాజ్యం. "మళ్ళ తోలు."